చిగుళ్ల నెత్తురును తేలికగా తీసుకోరాదు
అరుదైన రక్త క్యాన్సర్‌కు మందు ఉంది, ఆలస్యమే ప్రమాదం

బోడుప్పల్: జ్వరం విడవదు. చిగుళ్ల నుంచి నెత్తురు ఆగదు. దెబ్బ తగలకుండానే ఒంటిపై కమిలిన మచ్చలు లేస్తాయి. వేడి చేసిందనుకుని నాలుగు రోజులు ఊరుకునే వారు పల్లెల్లో ఎందరో ఉంటారు. ఆ నాలుగు రోజుల్లోనే ప్రాణం మీదికి తెచ్చే జబ్బు ఒకటి ఉంది. అది ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే అరుదైన రక్త క్యాన్సర్.

ఈ జబ్బులో ఎముక మూలుగలోని తెల్లకణాలు పక్వానికి రాకుండానే పెరిగిపోతాయి. నెత్తురు గడ్డకట్టే గుణం దెబ్బతింటుంది. మెదడులో రక్తస్రావం జరిగితే మనిషి దక్కడం కష్టం. 1957లో నార్వే వైద్యుడు హిల్లెస్టాడ్ దీనిని విడి జబ్బుగా వర్ణించినప్పుడు, కొద్ది వారాల్లోనే ప్రాణం తీసేదిగా పేర్కొన్నాడు.

నేడు పరిస్థితి తారుమారయింది. 1985లో చైనాలోని షాంఘై నగరంలో డాక్టర్ వాంగ్ ఝెన్‌యీ, ఐదేళ్ల బాలికకు 'ఎ' విటమిన్ జాతికి చెందిన 'అట్రా' అనే మందు ఇచ్చి కాపాడాడు. 1988లో ఆయన బృందం ప్రకటించిన 24 మంది రోగులలో 23 మందికి ఆ ఒక్క మందుతోనే జబ్బు లక్షణాలు పోయాయి.

రెండవ మందు పాషాణం నుంచి వచ్చినది. ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ అనే ఈ మందును నరం ద్వారా ఎక్కిస్తారు. మన పొరుగున ఉన్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు దీనిని ఒక్కదానినే 72 మందికి ఇచ్చి, సుమారు 86 శాతం మందిలో జబ్బు అణగిందని 2006లో ప్రకటించారు. రెండు మందులూ కలిపి ఇస్తే, ముదరని దశలో ఉన్న వారిలో రెండేళ్ల తర్వాత 99 శాతం మంది జీవించి ఉన్నారని ఇటలీ, జర్మనీ వైద్యులు 2013లో వెల్లడించారు.

అయితే ఈ లెక్కలన్నీ ఆసుపత్రికి సకాలంలో చేరిన వారివే. మరణాలలో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే, రక్తస్రావం వల్లనే జరుగుతాయి. అందుకే అనుమానం కలిగిన రోజే అట్రా మొదలుపెట్టాలన్నది నేటి వైద్య నియమం.

పై లక్షణాలు కనిపిస్తే వెంటనే రక్తకణాల పరీక్ష చేయించాలి. నొప్పులకు ఆస్పిరిన్ వంటి మాత్రలు మింగరాదు. కండకు సూదిమందు వేయించుకోరాదు. పాషాణం మందే కదా అని నాటు మందులు వాడితే ప్రాణానికే ముప్పు. ఆసుపత్రిలో మోతాదు కొలిచి, గుండెను పరీక్షిస్తూ ఇచ్చే మందు అది.

రక్త పరీక్షలో తేడా కనిపిస్తే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి గానీ, పంజాగుట్టలోని నిమ్స్‌కు గానీ వెళ్లవచ్చు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగితే ఎం.ఎన్.జె. దగ్గరే. ఆరోగ్యశ్రీ పరిమితిని ప్రభుత్వం 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచింది. రేషన్ కార్డు, ఆధార్ వెంట తీసుకుపోవాలి. నెత్తురు కారుతుంటే మాత్రం కాగితాల కోసం ఆగకూడదు. మనిషిని ముందు చేర్చి, కార్డును వెనుక తెప్పించుకోవచ్చు.