రాయుడికి ఆరు కప్పులు సరే.. ఆడింది ఎంత?

మే చివరికొచ్చేసరికి మా నూజివీడు తోటల్లో వినిపించేవి రెండే మాటలు. కాయ రేటెంత, రాత్రి మ్యాచ్ ఏమైంది. రసాల కోత, ఐపీఎల్ ప్లేఆఫ్స్ ఒకేసారి వస్తాయి మరి.

సెలవు పెట్టి ఇంటికెళ్తే బాబాయ్ చిక్కం భుజాన వేసుకుని మొదలెట్టాడు. "ప్లేఆఫ్స్ అంటే మన అంబటి రాయుడేరా. ఆరు కప్పులు!" గుంటూరు కుర్రాడంటే ఆయనకి ప్రాణం. నాకూ ఇష్టమే. కానీ కోడ్ రాసేవాణ్ణి కదా, లెక్క చూడకుండా ఉండలేను. చెట్టు కింద కూర్చుని ఫోన్‌లో స్కోర్‌కార్డులు తీశా.

ముంబైతో 2013, 2015, 2017. చెన్నైతో 2018, 2021, 2023. మొత్తం ఆరు, రోహిత్ శర్మతో సమానం. ఇంతవరకు బాబాయ్‌దే పైచేయి. ఇప్పుడు ఆ ఆరు ఫైనల్స్‌లో మనోడి పరుగులు చూడండి: 37, 36 నాటౌట్, 12, 16 నాటౌట్, 19. ఐదే ఉన్నాయేంటి అంటారా? 2021లో బ్యాటింగే రాలేదు. ఒక్క హాఫ్ సెంచరీ కూడా లేదు. 2018 సీజన్‌లో 602 పరుగులు బాదినవాడు సన్‌రైజర్స్‌తో క్వాలిఫయర్‌లో మొదటి బంతికే బౌల్డ్. 2019 ఫైనల్లో చేసింది 1, ఆ మ్యాచ్ చెన్నై ఓడింది కూడా ఒక్క పరుగుతోనే.

"అయితే ఏంట్రా, ఓవర్‌రేటెడ్ అంటావా?" బాబాయ్ గొంతు మారింది.

కొంచెం అంతే అనిపిస్తుంది. 2018 కప్పు వాట్సన్ సెంచరీది. 2017లో ముంబై గెలిచింది 129 పరుగులే చేసి, బౌలర్ల పుణ్యాన. కప్పుల సంఖ్య జట్టు లెక్క, దాన్ని తీసుకొచ్చి ఒక్కడి ఖాతాలో వేస్తున్నాం. ఎందుకు వేస్తున్నామో కూడా తెలుసు. 2019 వరల్డ్ కప్‌కి తీసుకోలేదన్న మంట మనకింకా చల్లారలేదు. వన్డేల్లో 47 సగటు ఉన్నవాణ్ణి పక్కనపెట్టారు, ఆయన త్రీడీ కళ్లద్దాల ట్వీట్ పెట్టాడు, మనం తెగ షేర్ చేశాం. ఆ బాకీని ఐపీఎల్ కప్పులతో తీర్చుకుంటున్నాం. అభిమానం తప్పు కాదుగానీ అది స్కోర్ కాదు కదా.

అయితే 2023 ఫైనల్ దగ్గర నా లెక్క కూడా తడబడింది. ఆ సీజన్ మొత్తమ్మీద రాయుడు చేసింది 158. ఇదే ఆఖరి మ్యాచ్ అని ముందే ప్రకటించేశాడు. వాన దెబ్బకి అహ్మదాబాద్‌లో ఆట అర్ధరాత్రి దాటింది. టార్గెట్ 15 ఓవర్లలో 171. చివరి మూడు ఓవర్లలో 38 కావాలి. 13వ ఓవర్ మోహిత్ శర్మది. సిక్స్, ఫోర్, సిక్స్. మూడు బంతుల్లో లెక్క 15 బంతుల్లో 22కి దిగింది. నాలుగో బంతికి ఔట్, ఐదో బంతికి ధోనీ కూడా ఔట్! ఆ మూడు షాట్లు లేకపోతే జడేజా చివరి రెండు బంతుల్లో కొట్టిన సిక్స్, ఫోర్ సరిపోయేవా? నాకైతే నమ్మకం లేదు.

8 బంతుల్లో 19. నాకు ఆ ఆరు కప్పులకంటే ఇదే పెద్దది. దీని గురించి చెప్పరు, కప్పులు మాత్రం లెక్కపెడతారు. 2013 ఫైనల్ 37 కూడా అంతే. 16కే మూడు వికెట్లు పడ్డాక ఇన్నింగ్స్ నిలబెట్టాడు, పొలార్డ్ 60 గుర్తుండిపోయింది.

ఇదంతా చెప్తే బాబాయ్ ఒప్పుకుంటాడా! "మరి ఆ రాత్రి ధోనీ ట్రోఫీ ఎవరి చేతికిచ్చాడ్రా?" అన్నాడు.

"జడేజాకి కూడా ఇచ్చాడు బాబాయ్."

వినిపించుకోలేదు. చిక్కం పైకెత్తి, "ట్రే ఇటు జరుపు" అన్నాడు.