కోరంగి మడ అడవికి మరల జీవం

కాకినాడకు దక్షిణంగా, గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ప్రాంతాన, సుమారు 235 చదరపు కిలోమీటర్ల కోరంగి అభయారణ్యం ఉన్నది. 1978లో ఏర్పడిన ఈ అభయారణ్యంలో తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న మొదలైన వృక్షాలు పోటునీటిలో వేళ్ళూని పెరుగుతాయి. 1839 నాటి ఉప్పెన కోరంగి రేవును ధ్వంసం చేసిన సంగతి గోదావరి తీరవాసులకు తెలియనిది కాదు. అట్టి ఉప్పెన మరల వస్తే దాని ఉరవడిని కొంతవరకైనా అణచగలిగినది ఈ అడవియే.

ఒకప్పుడు వంటచెరకు కోసం ఈ అడవిని భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగాన్ని మొదలంట నరికేవారు. నరికినచోట అడవి దానంతటదే మొలుస్తుందని ఆనాటి నమ్మకం. పెక్కుచోట్ల మొలవలేదు. నీడ తొలగిపోగా బురద ఎండి, నేల కుంగి, పళ్ళెంవలె పల్లమైనది. పెద్ద పోటునాడు వచ్చిన నీరు ఆటుతో తిరిగి పోలేక అక్కడనే నిలిచి ఇగిరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. మడ ఉప్పునీటి చెట్టే గదా అని సందేహం కలుగవచ్చు. సముద్రమంత ఉప్పును అది సహిస్తుంది గాని, ఉప్పుకొఠారులోని ఉప్పును సహించలేదు.

అట్టి నేలలో ఎన్ని మొక్కలు నాటినా వృథాయే. 1990ల నుండి ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, సమీప గ్రామస్థులు కలిసి అనుసరించిన మార్గం వేరు. సహజమైన పాయ నుండి పెద్ద కాలువ త్రవ్వి, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు తీస్తారు. పైనుండి చూస్తే అది చేప వెన్నుముల్లువలె కనిపిస్తుంది. దినానికి రెండుమార్లు పోటునీరు లోనికి వచ్చి, ఆటుతో ఉప్పును కడుక్కొని పోతుంది. అటుపిమ్మటనే కాలువగట్ల వాలుమీద మొక్కలు నాటుతారు. కాలువ పూడితే మరల తీయవలసినదే. మొక్క నాటే ఉత్సవానికి వచ్చే పెద్దలు పూడికతీతకు సాధారణంగా రారు!

ఇప్పుడు మరియొక చిక్కు వచ్చిపడినది. 2006–2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినట్లు ఐక్యరాజ్య సమితి వాతావరణ నిపుణుల సంఘం 2021లో తెలిపింది. మడచెట్లు వేళ్ళతో ఒండ్రును పట్టి నిలిపి, తాము నిలిచిన నేలను తామే ఎత్తు చేసుకొంటాయి. ఆ ఒండ్రును తేవలసినది గోదావరి. అందులో చాలభాగం ఎగువనున్న ఆనకట్టల వెనుకనే ఆగిపోతున్నది. నేల ఎత్తు పెరగక, సముద్రం మాత్రం పెరిగితే, అడవి మెట్టవైపునకు జరగవలసి ఉంటుంది. ఆ వైపున రొయ్యల చెరువుల గట్లు అడ్డుగా ఉన్నవి.

కనుక పాత పటంలో అడవి ఉన్నచోటనే దానిని నిలపాలనడం చాలదు. అది జరిగే త్రోవ కూడ చూడాలి. విడిచిపెట్టిన చెరువుల గట్లు తెంచి పోటునీటిని రానిస్తే, విత్తనాలను నీరే తెచ్చిపెడుతుంది. మడవిత్తు చెట్టుమీద ఉండగానే మొలకెత్తి, నీటిపై తేలిపోయి, అనువైన బురదలో నాటుకొంటుంది. అయితే విడిచిన చెరువులకు సైతం హక్కుదారులుంటారు. ఏ గట్టు తెంచాలో, ఎవరికి ఏ పరిహారం ఇవ్వాలో తీరగ్రామాల వారితో కూర్చొని తేల్చవలసినదే.