ప్రత్తి చేలలోని చేతులకు ప్రయోగశాలలో పని కలదు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో విత్తన ప్రత్తి పండించు చేలలో సాయంత్రపు పూట జరుగు పనిని మీరు చూచియే యుందురు. మరునాటి ఉదయము విచ్చుకొనబోవు మొగ్గను గుర్తించి, బొటనవ్రేలి గోటితో చుట్టును గిల్లి, పూరేకులను, వాటితోబాటు పుప్పొడి తిత్తులను ఊడదీసెదరు. నడుమనున్న కీలమునకు దెబ్బ తగులకూడదు. మరునాడు ఎండ ముదురక మునుపే మగ మొక్క పూవును తెచ్చి ఆ కీలముపై పుప్పొడిని అద్దెదరు. దీనినే మనవారు క్రాసింగు పని అందురు. గోరు లోతుగా దిగినచో కాయ రాలిపోవును. తిత్తులు కొన్ని మిగిలిపోయినచో విత్తనము కల్తీ యగును. ఇంత సున్నితమైన పనిని రోజుకు వందల పూవులకు చేయువారిలో ఎక్కువమంది స్త్రీలు, వారిలోను చాలమంది బడి మధ్యలో మానినవారు.

క్రొత్త వంగడమును తయారుచేయు శాస్త్రవేత్త పరిశోధనా క్షేత్రములో చేయుపని కూడ ఇదియే. 1970లో గుజరాతులోని సూరతు కేంద్రమునుండి డాక్టర్ సి. టి. పటేల్ విడుదల చేసిన హెచ్-4, ప్రపంచములోనే వాణిజ్యసరళిలో సాగునకు వచ్చిన మొదటి సంకర ప్రత్తి. దాని విత్తనమంతయు చేతితో గిల్లి, చేతితో అద్ది చేసినదే. అయితే పరిశోధనా క్షేత్రములో ఒక్క పని అదనముగా నుండును. ఏ తల్లికి ఏ తండ్రి పుప్పొడి ఏ తేదీన అద్దబడినదో చీటీ కట్టి, పుస్తకములో వ్రాయుదురు. ఆ వ్రాతపని వచ్చినవారికి ఉద్యోగమున్నది, జీతమున్నది. మన పల్లెలలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. అందువలన ఈ వ్యాసములో ఆ ఉద్యోగములెట్టివో, వాటికి ఏ చదువు కావలయునో చెప్పదలచితిని.

ఆ పనివారు లేనిచో రైతుకేమి నష్టము?

2000 సంవత్సరము ఖరీఫులో పొరుగు జిల్లాయైన అనంతపురములో వేరుసెనగకు వచ్చిన ఉపద్రవము పెద్దలకు జ్ఞాపకముండును. లేత మొక్కల మొవ్వులు మాడి, కాండము నల్లబడి, చేలకు చేలే ఎండిపోయినవి. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. చూచుటకది అందరికి తెలిసిన మొవ్వుకుళ్ళు తెగులువలెనే యుండెను. కాని పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ ప్రయోగశాలలో తెగులు సోకిన మొక్కలను పరీక్షింపగా, అది టొబాకో స్ట్రీక్ అను వేరొక వైరసు వలన వచ్చినదని తేలినది. దానికి కాండము కుళ్ళు తెగులని పేరు పెట్టిరి.

ఆపై తేలిన సంగతి మరింత విచిత్రమైనది. ఆ వైరసు గట్లమీద పెరుగు వయ్యారిభామ మొక్కలో దాగియుండును. ఆ మొక్కకు మాత్రము ఏ రోగలక్షణమును కనిపింపదు. వైరసు దాని పుప్పొడిలో నుండును. పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకొనియో, గాలికి ఎగిరియో వేరుసెనగ ఆకుమీద పడును. తామర పురుగు ఆకును గీరినప్పుడు ఆ గాయముగుండ వైరసు లోనికి పోవును. కావుననే వయ్యారిభామను పూతకు రాకముందే పీకివేయుడనియు, చేను చుట్టు నాలుగు సాళ్లు జొన్న వేయుడనియు మేము చెప్పుచున్నాము. ఈ సలహాకు రైతుకు పెద్ద ఖర్చు లేదు. కాని దానిని కనుగొనుటకు ప్రయోగశాల కావలసివచ్చినది.

పత్రికలలో శాస్త్రవేత్తల పేర్లు వచ్చును, వచ్చుట న్యాయమే. కాని చేలనుండి వచ్చిన ఆకులకు చీటీలు కట్టినవారు, వాటిని చల్లని పెట్టెలో భద్రపరచినవారు, గాజుటింటిలో పరీక్ష మొక్కలు పెంచినవారు, ఎలీసా పరీక్షకు పలకలు సిద్ధము చేసినవారు లేనిదే ఏ శాస్త్రవేత్తయు ఒక్క అడుగు వేయలేడు. రెండు ఊళ్ల చీటీలు తారుమారైనచో పరిశోధనయంతయు తప్పుదారి పట్టును.

గులాబిరంగు కాయతొలుచు పురుగు సంగతియు ఇట్టిదే. బి.టి. ప్రత్తికి మన దేశములో 2002లో అనుమతి లభించినది. రెండు జన్యువుల రకములు 2006లో వచ్చినవి. కొన్ని యేండ్లకే గులాబిరంగు పురుగు ఆ రెండింటిని తట్టుకొన్నది. తట్టుకొన్నదని రూఢిగా చెప్పుటకు ఎవరో ఒకరు కాయలు కోసి, పురుగులను లెక్కించి, వాటిని ప్రయోగశాలలో విషము కలిపిన మేతపై పెంచి, ఎన్ని చచ్చినవో, ఎన్ని బ్రతికినవో వ్రాయవలెను. ఓర్పు గలవారికే అది సాధ్యము. క్రాసింగు చేసిన చేతులకు ఆ ఓర్పు క్రొత్త కాదు.

దగ్గరలోనే యున్న కొలువులు

ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీవరకు బళ్లారి జిల్లాలోనిది. అందువలన ఈ ప్రాంతపు పాత రైతులు హగరి పరిశోధనా క్షేత్రము పేరు చెప్పుకొనువారు. తూర్పున నంద్యాల పరిశోధనా స్థానము 1906లోనే ఏర్పడినది. నరసింహ ప్రత్తి రకము అక్కడినుండియే వచ్చినది. ఇప్పుడది ఆచార్య ఎన్. జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము క్రింద ప్రాంతీయ పరిశోధనా స్థానము.

మనకు మరింత దగ్గరగా, ఎమ్మిగనూరు మండలములోని బనవాసిలో అదే విశ్వవిద్యాలయమువారి కృషి విజ్ఞాన కేంద్రమున్నది. దానిముందు బస్సు దిగి సంతకు పోవువారెందరో లోపల ఎవరు పనిచేయుచున్నారో ఎరుగరు. ఏ కృషి విజ్ఞాన కేంద్రమునకైనను నిర్ణయింపబడిన సిబ్బంది 16 మంది. వారిలో ఒకరు అధిపతి, ఆరుగురు వేర్వేరు విషయముల నిపుణులు. వారికి తోడుగా ప్రయోగశాల సహాయకుడు ఒకరు, క్షేత్ర నిర్వాహకుడు ఒకరు, కంప్యూటరు పని చూచువారొకరు. మిగిలినవారు కార్యాలయ సిబ్బంది, డ్రైవర్లు, సహాయక సిబ్బంది. విషయ నిపుణులకు ఎం.ఎస్సీ. కావలయును. ప్రయోగశాల సహాయకునకు సంబంధించిన శాస్త్రములో డిగ్రీ కావలయును.

ఇవిగాక భూసార పరీక్షా కేంద్రములు, విత్తన పరీక్షా కేంద్రములు గలవు. 2021 నుండి మన రాష్ట్రములో నియోజకవర్గ స్థాయిలో కూడ విత్తనములు, ఎరువులు పరీక్షించు ప్రయోగశాలలు ఏర్పడినవి. విత్తన పరీక్షయనగా నేమో ఒక మాట. ఒక్కొక్క మచ్చునుండి 400 గింజలను లెక్కించి, నూరేసి చొప్పున తడి కాగితములలో మొలకెత్తించి, మంచి మొలకలను, వంకర మొలకలను, చచ్చిన గింజలను వేరుచేసి లెక్కింతురు. వేరుసెనగకు కనీసము 70 శాతము మొలక ఉండవలెను. తక్కువైనచో ఆ విత్తనము అమ్ముటకు వీలులేదు. లెక్కించువాడు అశ్రద్ధ చేసిన నష్టపోవునది కొన్న రైతు. విత్తన కంపెనీలలో కూడ ఇట్టి పనివారు కావలసియున్నది. వారికి వ్యవసాయ డిప్లొమా గలవారనిన ఇష్టము.

ఏ చదువుకు ఏ పని

పదవ తరగతి తరువాత రెండు దారులు గలవు. మొదటిది వ్యవసాయ పాలిటెక్నిక్. వ్యవసాయము, విత్తన సాంకేతికము, సేంద్రియ వ్యవసాయము అను డిప్లొమాలు రెండేసి యేండ్లవి. ఇవి చదివినవారు అగ్రిసెట్ పరీక్ష వ్రాసి బి.ఎస్సీ. వ్యవసాయములో చేరవచ్చును. రెండవది ఇంటరులో బై.పి.సి. తీసికొని, ఏపీ ఈఏపీసెట్ వ్రాసి బి.ఎస్సీ. వ్యవసాయములో చేరుట. అది నాలుగేండ్ల చదువు. మనకు సమీపమున మహానందిలో వ్యవసాయ కళాశాలయున్నది.

బై.పి.సి. యనగానే మన ప్రాంతమున డాక్టరు చదువని తప్ప వేరొకటి తోచదు. వైద్యపరీక్షలో సీటు రానిచో పిల్లలు రెండేండ్లు అదే పరీక్ష మరల మరల వ్రాసి, చివరకు చదువే మానుకొనుచున్నారు. నా యెరుకలో ఇట్టివారు పలువురు గలరు. వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, రసాయనశాస్త్రము గల మామూలు బి.ఎస్సీ. కూడ పరిశోధనకు దారి యగును. ఆదోనిలోనే ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలయున్నది. అటుపై ఎం.ఎస్సీ. చదివి, సి.ఎస్.ఐ.ఆర్. వారి నెట్ పరీక్షలో ఫెలోషిప్ సంపాదించినవారికి 2023 జనవరి 1 నుండి నెలకు రూ. 37,000 చొప్పున ఇచ్చుచు, పిహెచ్.డి. చేయనిత్తురు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి చోట్లకు పోవువారు ఇట్లే పోవుచున్నారు. వ్యవసాయ శాస్త్రవేత్తల కొలువునకు ఢిల్లీలోని వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి దేశమంతటికి పరీక్ష పెట్టును.

పెద్ద చదువు లేనివారు నిరాశపడనక్కరలేదు. 2021 డిసెంబరులో భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు టెక్నీషియను ఉద్యోగములు 641 ప్రకటించిరి. దేశములోని అనేక పరిశోధనా కేంద్రములకు సంబంధించిన ఆ ఉద్యోగములకు అర్హత పదవ తరగతి మాత్రమే. ఆ ప్రకటన మన మండలములలో ఎందరికి చేరియుండును? ఇట్టి ప్రకటనలు ప్రతియేట రావు. వచ్చినప్పుడు దరఖాస్తునకు గడువు కొద్ది దినములే యుండును.

నిజము చెప్పవలెను గదా: శాశ్వతమైన ఉద్యోగములు కొద్ది, పోటీ అధికము. విశ్వవిద్యాలయములలోను, పరిశోధనా పథకములలోను తాత్కాలిక ఉద్యోగములే ఎక్కువగా వచ్చును. పథకము ముగియగనే ఉద్యోగము ముగియును. అయినను అట్లు రెండు మూడేండ్లు పనిచేసినవారికి చేతిపని వచ్చును, అనుభవ పత్రము లభించును. దానితో విత్తన కంపెనీలలోను, ఇతర ప్రయోగశాలలలోను ప్రవేశము సులభము. తాత్కాలికమని త్రోసివేయుట కంటె, ఆ కాలములోనే పై పరీక్షకు చదువుకొనుట మేలని నా అభిప్రాయము.

వలస పోవు నెలలు

మన పశ్చిమ మండలములలో అసలు ఆటంకము పరీక్షలు కావు. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయము ప్రాంతములనుండి వర్షములు చాలని యేడు కుటుంబములకు కుటుంబములే గుంటూరు మిరప కోతలకు, ప్రత్తి తీతలకు వలసపోవుచున్నవి. ఆడపిల్ల చిన్నవారిని చూచుకొనుటకు వెంటబోవును. తిరిగి వచ్చునప్పటికి బడిలో సగము పాఠములు ముగియును. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఆగిన చదువుతో పైన చెప్పిన ఏ దారియు తెరచుకొనదు. టెక్నీషియను ఉద్యోగమునకైనను పదవ తరగతి కావలయునని చదివితిరి గదా.

తల్లిదండ్రులను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. నీరు లేని చేను ఎంతకాలము మనిషిని నిలుపగలదు? కాని వలసకు పోవుటకు ముందు ఊరి బడి ఉపాధ్యాయుని కలిసి, వలస పిల్లలకై నడుపు సీజనల్ హాస్టలు ఆ యేడు ఎక్కడ తెరచుచున్నారో తెలిసికొనుడు. ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములున్నవి. వాటిలో ఇంటరు కూడ చెప్పుచున్నారు. అయితే ప్రతి చోట బై.పి.సి. ఉండదు. చేర్చుటకు ముందే ఏ గ్రూపు ఉన్నదో అడుగుడు. క్రాసింగు చేయు తల్లికి కూతురు చేతి నేర్పు ఎట్టిదో నేను చెప్పనక్కరలేదు.

ఇంకొక హెచ్చరిక. ప్రయోగశాలలో ఉద్యోగమిప్పింతుమని డబ్బడుగు దళారులు ఆదోని బజారులోను, ఊళ్లలోను తిరుగుచుందురు. ఒక రైతు ప్రత్తి అమ్మిన డబ్బంతయు అట్టివానికి ఇచ్చి, చేతికొక దొంగ ఉత్తరువు తెచ్చుకొని నాకు చూపెను. దానిమీద ముద్రకూడ సరిగా లేదు. పరీక్షకో, దరఖాస్తునకో కట్టు రుసుము తప్ప ఏ ప్రభుత్వ నియామకమునకును ఎవరికిని డబ్బు ఇయ్యనక్కరలేదు. ప్రకటన నిజమా కాదా అని సందేహము కలిగిన, మీ గ్రామ వ్యవసాయ సహాయకునకో, బనవాసి కేంద్రమువారికో చూపుడు.

వ్యవసాయ విశ్వవిద్యాలయపు సీట్లలో రైతు కుటుంబముల పిల్లలకు కొన్ని ప్రత్యేకింపబడియున్నవి. వాటికి భూమి పత్రములతోబాటు, మునిసిపాలిటీ కాని ఊళ్లలో చదివినట్లు ధ్రువపత్రములు కూడ అడుగుదురు. ఆదోని, ఎమ్మిగనూరు రెండును మునిసిపాలిటీలే. కావున పల్లె బడిలో చదివి పట్టణములో చేరిన పిల్లలు పల్లె బడి పత్రములను ఆ బడి వదలునాడే తీసికొని దాచుకొనవలెను. పదేండ్ల తరువాత పాత రిజిష్టరు వెదకించుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును.

వేసవిలో దుక్కి చేయకముందు మట్టి మచ్చు తీయుట మీకు తెలిసినదే. ఎకరమునకు ఎనిమిది పది చోట్ల, గట్టునకు, పెంటకుప్పకు దూరముగా, నాగటి చాలు లోతున తీసిన మట్టిని కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములను తీసివేయుచు అరకిలో మిగుల్చుడు. ఈసారి దానిని బనవాసికి ఇచ్చుటకు పోవునప్పుడు, తొమ్మిదో పదో చదువుచున్న మీ అమ్మాయిని గాని అబ్బాయిని గాని వెంటబెట్టుకొని పొండు. పనివేళలో పోయి, ఆ మట్టిని ఎట్లు పరీక్షింతురో పిల్లలకు చూపుమని అక్కడివారిని అడుగుడు.