నాలుక ఎంచిన గింజ

తొలకరి పడ్డాక పెరట్లో పాదు చేసి నాటు దోసగింజ వేస్తే, నాలుగైదు రోజుల్లో రెండు పచ్చటి బద్దలు నేల చీల్చుకుని పైకొస్తాయి. పెంకు మాత్రం చాలాసార్లు మట్టిలోనే ఉండిపోతుంది. చేతుల్లేని మొలక దాన్ని ఎలా విప్పుకుంది?

వేరూ కాడా కలిసేచోట, కిందివైపున, చిన్న బొడిపె ఒకటి మొలుస్తుంది. అది పెంకు అంచును నేలకు అదిమి పట్టుకుంటుంది. ఈలోగా కాడ వంగి పైకి లేస్తూ బద్దలను బయటికి లాగేస్తుంది. అడ్డంగా పడిన గింజను ఏ పక్కకు తిప్పి పెట్టినా బొడిపె నేలవైపే వస్తుంది. 1998లో డిస్కవరీ వ్యోమనౌకలో జపాన్ శాస్త్రవేత్తల ప్రయోగం కోసం కీరదోస గింజలు మొలకెత్తించారు. బరువు తెలియని ఆ చోట మొలకకు అటొకటి ఇటొకటి, రెండు బొడిపెలు వచ్చాయి. రెండు వైపులా పెంచగల శక్తి గింజకు పుట్టుకతోనే ఉంది. పైవైపు వద్దని ఆపుతున్నది భూమి ఆకర్షణే. పెరట్లో మనం గమనించకుండా దాటిపోయే ఆ చిన్న మొలకకు కిందేదో పైనేదో అంత బాగా తెలుసు!

తీగ సాగాక నులితీగలు బయల్దేరతాయి. ఒక్కొక్కటీ గాలిలో నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ పందిరి పుల్లను వెతుక్కుంటుంది, తగలగానే చుట్టుకుంటుంది. అసలు వింత ఆ తర్వాతే. రెండు కొసలూ కట్టుబడిపోయాయి గనక నడిమి భాగం ఒకే వైపుకి మెలి తిరగలేదు. అందుకని సగం ఇటూ సగం అటూ తిరుగుతుంది, మధ్యలో మెలిక దిశ మారేచోట చిన్న తిన్నని ముక్క మిగులుతుంది. తీగమొక్కల మీద 1865లో రాసిన గ్రంథంలో చార్లెస్ డార్విన్ దీన్ని ఓపిగ్గా వివరించాడు. 2012లో హార్వర్డ్ పరిశోధకులు కీరదోస నులితీగలను లాగి చూశారు. ముదిరిన నులితీగను లాగితే మెలికలు విడిపోలేదు, ముందుగా మరికొన్ని పడ్డాయి. మెల్లని గాలికి సాగే తీగే గట్టి గాలికి బిగుసుకుంటుంది.

ఇక్కడ ఒక చుట్టరికం చెప్పుకోవాలి. మనం పప్పులో వేసుకునే పసుపు దోసకాయ, పచ్చిగా కొరికే కీరకు తోబుట్టువు కాదు. అది ఖర్బూజా జాతి. కీర కణంలో 14 క్రోమోజోములు, పసుపు దోసలో ఖర్బూజాలో మాదిరే 24. కాబట్టి పక్కపక్కనే పాకినా కీర, దోస కలవవు. దోసకు ఖర్బూజాతోనూ, చేలగట్ల మీది బుడమకాయతోనూ మాత్రం ఇట్టే సంకరం జరుగుతుంది. ఆ సంకరం ఈ ఏటి కాయలో కనబడదు, దాని గింజలు వేసిన మరుసటి పంటలో బయటపడుతుంది.

కీర పూర్వీకుడు హిమాలయ పాదాల్లో నేటికీ అడవి తీగగా ఉంది. దాని కాయ చిన్నది, నోట పెట్టలేనంత చేదు. ఆ చేదు కుకుర్బిటాసిన్లది. ఆకును, కాయను నమలబోయే చాలా జీవాలను అవి దూరం పెడతాయి. గుమ్మడి ఎర్ర పెంకుపురుగు లాంటివి మాత్రం వాటికి జంకవు. ఇంత చేదు కాయను తినే కాయగా మార్చింది ఎవరంటే, కొరికి చూసి, కమ్మగా ఉన్నదాని గింజలు దాచుకున్న ఇళ్లవాళ్లు, తరతరాలుగా. దోసకాయ తరిగేముందు అమ్మ చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడటం ఆ పనికి కొనసాగింపే. పసుపు దోసలో ముదిరిన గింజ, వంటకు పనికొచ్చే కండ ఒకే కాయలో ఉంటాయి గనక, రుచి చూసిన కాయనుంచే విత్తనం తీసుకోవచ్చు. కీరను లేతగానే తింటాం కాబట్టి అక్కడ కాయను కాదు, తీగను ఎంచుకోవాలి. ఆ తీగ కాయలు కమ్మగా ఉంటే వాటిలో ఒక్కదాన్ని పండేదాకా వదలాలి. ఎండ ముదిరి నీళ్లు తగ్గితే తీగలో దాగిన చేదు మళ్లీ తలెత్తుతుంది. ఆ సమయంలో పాదు ఎండనివ్వకండి.

ఇదంతా హైబ్రిడ్ గింజతో కుదరదు. దాని పిల్లలు తల్లిని పోలి ఉంటాయన్న భరోసా లేదు, ఏటేటా కొనాల్సిందే. దుకాణంలో పాకెట్టు దొరుకుతోంది కదా అని ఇంటి గింజను వదిలేయడం నాకు పెద్ద నష్టంగా తోస్తుంది. ఒక ఊరి నేలకూ, ఎండకూ అలవాటుపడ్డ దోస పోతే దాన్ని మళ్లీ ఏ అంగడిలోనూ తెచ్చుకోలేం.

ఇంటి గింజ మరోదానితో కలవకుండా చూడాలంటే ముందు ఆడపువ్వు తెలియాలి. దాన్ని గుర్తించడం తేలికే, అడుగున పిందె ఉంటుంది. చుట్టుపక్కల ఖర్బూజా, బుడమ ఉంటే, రేపు విచ్చబోయే మగమొగ్గనూ ఆడమొగ్గనూ సాయంత్రమే దారంతో కట్టండి. పొద్దున్నే విప్పి పుప్పొడి అద్ది, ఆడపువ్వును మళ్లీ కట్టేయండి. కాయ పండాక గింజలను గుజ్జుతో సహా రెండు మూడు రోజులు పులియనిస్తే, మొలకను ఆపే జిగురు వదులుతుంది. తేలిన తాలు పారబోసి, మునిగిన గింజలు కడిగి నీడన ఆరబెట్టాలి.

ఈ ఏడు మీ పాదులో అన్నిటికన్నా కమ్మని దోసను వండేటప్పుడు గింజలు పారేయకండి. సగం మీరు దాచుకుని, సగం పక్కింటివాళ్లకు ఇవ్వండి. ఒక ఇంట్లో పోయినా ఇంకో ఇంట్లో మిగులుతుంది.