మళ్లీ మొదటి మెట్టు

ముప్పై దాటాక ఉద్యోగం వదిలి చార్టర్డ్ అకౌంటెంట్ కావాలనుకునేవారికి తలుపు మూసుకుపోలేదు. కామర్స్ డిగ్రీలో 55 శాతం, ఇతర డిగ్రీల్లో 60 శాతం మార్కులుంటే ఫౌండేషన్ రాయకుండానే ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. రెండు గ్రూపులూ గట్టెక్కితే ఆర్టికల్‌షిప్. ఒకప్పుడు మూడేళ్లుండే ఈ శిక్షణ 2023లో వచ్చిన కొత్త విధానంలో రెండేళ్లయింది.

అయితే అసలు పరీక్ష ఆఫీసులోనే. నిన్నటిదాకా పదిమందికి పని చెప్పిన మనిషి తనకన్నా చిన్నవాడైన సీనియర్ ముందు కూర్చుని వోచర్లు సరిచూడాలి. జీతం పోయి స్టైపెండ్ మిగులుతుంది.

మోషేకూ ఇలా కిందికి దిగాల్సి వచ్చింది. ఐగుప్తు విద్యలన్నీ నేర్చినవాడు నలభయ్యో ఏట మిద్యానుకు పారిపోయి, మామ యిత్రో మందను కాశాడు. మరో నలభై ఏళ్లకు ఆ కాపరినే దేవుడు జనాంగానికి నాయకుణ్ణి చేశాడు.

గోపురం కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క చూసుకుంటాడని యేసుప్రభువు చెప్పారు (లూకా 14:28). చదువుకూ శిక్షణకూ పట్టే ఏళ్లలో ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు ఎలా గడుస్తాయో భార్యాభర్తలు కలిసి లెక్క వేసుకోవాలి. లెక్క కుదరకపోతే ఆగడం అవిశ్వాసం కాదు. కుదిరితే చిన్నవారి దగ్గర నేర్చుకోవడం అవమానమూ కాదు.