కొయ్యపలక పలికే స్వరము

తీగను సరిగా సగంలో నొక్కి మీటితే పై స్థాయి స్వరము పలుకుతుందని వీణ నేర్చినవారికి తెలుసును. సోనోమీటరుతో ప్రయోగం చేసిన విద్యార్థికీ తెలుసును. ఆ సూత్రాన్నే నమ్ముకొని కొయ్యపలకలు కోసి జైలోఫోను (మన దేశంలో కాష్ఠతరంగమంటారు) చేయబూనితే మాత్రం వాద్యమంతా అపస్వరమే. షడ్జము పలికే పలకను, మందము మార్చకుండా, సగం పొడవుకు కోస్తే వచ్చేది తార షడ్జము కాదు. దానికి పై స్థాయిలోని షడ్జము. అనగా పౌనఃపున్యము రెండింతలు కాక నాలుగింతలవుతున్నది!

కారణమేమి? తీగను యథాస్థితికి లాగేది దాని బిగువు. అందువల్ల తీగమీద పొట్టి తరంగమూ, పొడుగు తరంగమూ ఒకే వేగంతో పోతాయి. పలకకు బిగువు లేదు. వంచినదాన్ని తిరిగి సరిచేసేది దాని స్వంత బిరుసుదనమే. తరంగము పొట్టిదైనకొద్దీ పలక ఎక్కువ వంపు తిరగవలసి వస్తుంది, అంత చురుకుగా వెనుకకు వస్తుంది. కనుక పొట్టి తరంగాలు వేగంగా నడుస్తాయి. పొడవు సగమైతే తరంగదైర్ఘ్యము సగమవుతుంది, వేగము రెట్టింపవుతుంది. రెండూ కలిసి నాలుగింతలు. 30 సెంటీమీటర్ల పలకకు తార షడ్జము కావలెనంటే 15 కాదు, సుమారు 21.2 సెంటీమీటర్ల పలక కావాలి.

దీన్ని ఎక్కడ ఆనించాలి? మధ్యభాగము పైకి లేచినప్పుడు కొనలు రెండూ క్రిందికి దిగుతాయి. నడుమ కదలని తావులు రెండున్నవి. ఇవే అస్పందన స్థానాలు. ఒక్కొక్క కొననుంచి పొడవులో 0.224 వంతు, అంటే మన పలకకు సుమారు 6.7 సెంటీమీటర్ల దూరం. అక్కడ గుడ్డచుట్టలపై ఆనించి, పైన పొడి ఉప్పు చల్లి, మధ్యన మెల్లగా పదేపదే కొట్టండి. ఉప్పు జరిగి జరిగి ఆ రెండు గీతలమీదే చేరుతుంది. తరగతిలో చూపదగిన ప్రయోగమిది. త్రాడు దూర్చే రంధ్రము అక్కడే వేయాలి.

ఇంకొక చిక్కు ఉన్నది. తీగ అతిస్వరాలు 2, 3, 4 రెట్లుగా వస్తాయి. సమమందము గల పలకకు 2.76, 5.40 రెట్లు, ప్రాథమిక స్వరముతో పొసగవు. అందుకే పనివారు పలక అడుగున నడిమిభాగాన్ని విల్లువలె చెక్కుతారు. ప్రాథమిక కంపనములో అత్యధికంగా వంగేది మధ్యభాగమే, మొదటి అతిస్వరములో సరిగా నట్టనడుమ వంపే ఉండదు. కాబట్టి అక్కడ చెక్కితే ప్రాథమిక స్వరము ఎక్కువ దిగుతుంది, అతిస్వరము తక్కువ దిగుతుంది. నిష్పత్తి జైలోఫోనులో 3కు, మరింబాలో 4కు చేరేవరకు చెక్కుతారు. స్వరము ఎటూ దిగుతుంది గనుక పలకను ముందే కొంచెం పొట్టిగా కోసుకోవటం మంచిది.

పలక క్రింద వ్రేలాడే గొట్టాలు అలంకారానికి కావు. అడుగు మూసిన గొట్టములో తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు గాలి నిలిస్తే అనునాదము కలుగుతుంది. 440 హెర్ట్జ్‌ల స్వరానికి దాదాపు 19 సెంటీమీటర్లు. అటువంటి గొట్టము 1, 3, 5 రెట్ల స్వరాలనే బలపరుస్తుంది. జైలోఫోను అతిస్వరము 3 రెట్లు కనుక దానికీ బలం చేకూరి నాదము ఖణీమంటుంది. మరింబాలోని 4 రెట్ల అతిస్వరానికి ఆ సాయం లేదు, ప్రాథమిక స్వరమే నిండుగా వినబడుతుంది.