ఆజానుబాహువు – చిన్న మోటారు సైకిలు

పొడుగాటి మనిషి చిన్న మోటారు సైకిలుపై పోవుచుండగా చూచి నవ్వుకొనువారు చాలమంది కలరు. మోకాళ్లు రెండును హేండిలును తాకుటకు సిద్ధముగా నుండును. వీపు గూను తిరిగియుండును. వెనుక చక్రము మడ్‌గార్డులోనికి దూరిపోయినట్లుండును. చూచువారికి ఇది వేడుక. నడుపువానికి మాత్రము నడుము నొప్పి, ఘాటురోడ్డుపై మాటిమాటికి గేరు మార్చుకొను విసుగు, వానలో బ్రేకు వేయవలసివచ్చినపుడు గుండెదడ. బండి కొనునపుడు ధర, మైలేజి, రంగు చూచుకొన్నంత శ్రద్ధగా తన శరీరమును కొలిచి చూచుకొనువారు అరుదు. అంగడిలో రెండు నిమిషములు సీటుపై కూర్చుండి, పాదములు నేలకు ఆనినవో లేదో చూచుటతో పరీక్ష ముగియును. పొడుగువాడు ఆ పరీక్షలో ఎట్లును నెగ్గును. కాబట్టి దానివలన అతనికి తెలియునది ఏమియు లేదు.

చిన్న మోటారు సైకిళ్లను సగటు మనిషిని మనసులో నుంచుకొని తయారుచేయుదురు. 1958లో జపానులో వెలువడిన హోండా సూపర్ కబ్ ఇంజను ఘనపరిమాణము 49 ఘన సెంటీమీటర్లు మాత్రమే. 2017 నాటికి ఆ జాతి బండ్లు పది కోట్లు తయారైనవి. మన దేశములో 1985లో హీరో హోండా సి.డి. 100, 1994లో స్ప్లెండర్ వచ్చి నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజనును పల్లెపల్లెకు చేర్చినవి. నేటి స్ప్లెండర్ ప్లస్ ఇంజను 97.2 ఘన సెంటీమీటర్లది. నిమిషమునకు 8000 భ్రమణముల వద్ద అది ఇచ్చు సామర్థ్యము 5.9 కిలోవాట్లు. బండి బరువు 112 కిలోగ్రాములు, సీటు ఎత్తు 78.5 సెంటీమీటర్లు. మన దేశపు పురుషుని సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు కనుక ఈ కొలతలు ఎక్కువమందికి చక్కగా అమరును.

ఇప్పుడు ఇద్దరు మనుష్యులను ఊహించుకొనుడు. సోమయ్య ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 60 కిలోగ్రాములు. భీమయ్య ఎత్తు 190 సెంటీమీటర్లు, బరువు 110 కిలోగ్రాములు. ఇరువురును ఇట్టి బండినే ఎక్కిరి. సోమయ్యతో కలిసి కదలవలసిన ద్రవ్యరాశి 172 కిలోగ్రాములు, భీమయ్యతో 222 కిలోగ్రాములు. కారులో ఒక మనిషి బరువు పెరిగినను తగ్గినను కారునకు అంతగా పట్టదు. చిన్న మోటారు సైకిలుపై నడుపువాడే దాదాపు సగము బండి!

సమతలమైన రోడ్డుపై ఇద్దరును గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నారనుకొనుడు. ఇంజను ఎదుర్కొనవలసినవి రెండు నిరోధములు. టైరు దొర్లుటవలన కలుగు నిరోధము మొత్తము భారములో సుమారు యాభయ్యవ వంతు. సోమయ్యకు అది 34 న్యూటనులు, భీమయ్యకు 44. గాలి నిరోధము బరువుపై ఆధారపడదు. ఎదురుగాలికి ఎంత వైశాల్యము అడ్డుపడుచున్నదో, దాని ఆకారమెట్టిదో, వేగము యొక్క వర్గమెంతయో, వీటిపైననే ఆధారపడును. సోమయ్యకు 100 న్యూటనులైనచో, వెడల్పైన భుజములతో నిటారుగా కూర్చున్న భీమయ్యకు 117 వరకు ఉండవచ్చును. అనగా భీమయ్య అదనముగా భరించు 27 న్యూటనులలో 17 అతని నిలువెత్తు విగ్రహమువలన వచ్చినవి; 10 మాత్రమే బరువువలన వచ్చినవి. లావైనవాడు బండిని వెనుకకు లాగునని అందరును అనుకొందురు గాని, చదునైన రోడ్డుపై నిజముగా లాగునది పొడుగే.

ఎత్తు ఎక్కునపుడు కథ తిరుగబడును. పది మీటర్లకు ఒక మీటరు లేచు ఘాటురోడ్డుపై గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవుటకు, గురుత్వాకర్షణ నొక్కదానిని జయించుటకే సోమయ్యకు 169 న్యూటనులు, భీమయ్యకు 218 న్యూటనులు కావలెను. మిగిలిన నిరోధములను కలిపినచో చక్రము వద్ద సోమయ్యకు 2.4 కిలోవాట్లు, భీమయ్యకు 3 కిలోవాట్లు అవసరమగును. ఇంజను 5.9 కిలోవాట్లు ఇచ్చునపుడు చిక్కేమియని విద్యార్థి అడుగవచ్చును. ఆ 5.9 కిలోవాట్లు 8000 భ్రమణముల వద్ద మాత్రమే లభించును. 4000 భ్రమణముల వద్ద పుట్టునది దానిలో సగముకన్న కొంచెము ఎక్కువ; అనగా 3 కిలోవాట్ల ప్రాంతము. అందులోను గొలుసు, గేర్లు కొంత తినివేయును. కాబట్టి సోమయ్య పాట పాడుకొనుచు ఎక్కు చోట భీమయ్య ఒక గేరు తగ్గించి, ఇంజనును గోల పెట్టించి ఎక్కవలెను.

పెట్రోలు ఖర్చు విషయములో మాత్రము భీమయ్య భయపడనక్కరలేదు. విశాఖపట్నమునుండి అరకులోయకు పోవునపుడు సుమారు 900 మీటర్ల ఎత్తు ఎక్కవలెను. అదనపు 50 కిలోగ్రాములను అంత ఎత్తునకు లేపుటకు కావలసిన శక్తి 50 × 9.8 × 900, అనగా 4,41,000 జౌళ్లు. పెట్రోలులోని శక్తిలో ఐదవ వంతును ఇంజను పనిగా మార్చునని లెక్కించినను, దీనికి పట్టు పెట్రోలు సుమారు 70 మిల్లీలీటర్లు! చిన్న టీగ్లాసెడు. శక్తి పరిమాణము చిక్కు కాదు, దానిని ఎంత త్వరగా అందించవలెనన్నదే చిక్కు. పనికిని సామర్థ్యమునకును గల భేదమును తరగతిలో బోధించుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు.

ఇందునుండి బండిని ఎన్నుకొనుటకు ఒక సులభమైన కొలత లభించుచున్నది. ఇంజను సామర్థ్యమును బండి బరువుతోగాక, నడుపువానితో కలిసిన బరువుతో భాగింపవలెను. స్ప్లెండర్‌పై సోమయ్యకు కిలోగ్రామునకు 34 వాట్లు, భీమయ్యకు 27 వాట్లు దక్కును. 125 ఘన సెంటీమీటర్ల శ్రేణిలో 7.9 కిలోవాట్లు ఇచ్చి 115 కిలోగ్రాములు తూగు బండ్లు కలవు. వాటిపై భీమయ్యకు 35 వాట్లు వచ్చును. అనగా సోమయ్యకు 100 శ్రేణి బండి ఎట్టిదో, భీమయ్యకు 125 శ్రేణి బండి అట్టిది. అంతకుమించిన ఇంజను సరదాకే గాని అవసరమునకు కాదు. 195 కిలోగ్రాములు తూగు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 భీమయ్యకు 49 వాట్లు ఇచ్చు మాట నిజమే. కాని ఇరుకు సందులో దానిని వెనుకకు నెట్టవలసివచ్చినపుడు ఆ వాట్లు సాయమునకు రావు.

ఇంజను సంగతి అంగడివారు కొంతవరకైనను చెప్పుదురు. స్ప్రింగుల సంగతి చెప్పువారుండరు. భారీమనిషిని నిజముగా బాధించునవి అవే.

వెనుక చక్రము వద్ద స్ప్రింగుల గట్టిదనము మిల్లీమీటరునకు 20 న్యూటనులనియు, చక్రము మొత్తము 80 మిల్లీమీటర్లు కదలగలదనియు అనుకొనుడు. కూర్చున్నవాని బరువులో సుమారు మూడింట రెండు వంతులు వెనుక చక్రముపై పడును. హుక్ నియమము ప్రకారము సోమయ్య కూర్చుండగనే స్ప్రింగు 20 మిల్లీమీటర్లు, భీమయ్య కూర్చుండగా 36 మిల్లీమీటర్లు కుంగును. బండి స్వంత బరువునకు 10 మిల్లీమీటర్లు అంతకుముందే పోయినవి. ఇక భీమయ్యకు మిగిలినది 34 మిల్లీమీటర్లే. స్పీడుబ్రేకరు వచ్చినపుడు ఈ కొద్దిపాటి దూరము చాలక స్ప్రింగు అడుగంటును. అప్పుడు చక్రమునకు తగిలిన దెబ్బ మెత్తబడకయే వెన్నెముకకు చేరును.

ఇంకొక కీడు కలదు. స్ప్రింగుపై నిలిచిన ద్రవ్యరాశి పెరిగినకొలది ఊగుడు యొక్క ఆవర్తన కాలము ద్రవ్యరాశి వర్గమూలమును బట్టి పెరుగును. వెనుక స్ప్రింగులపై సోమయ్యతో 85, భీమయ్యతో 118 కిలోగ్రాములు నిలిచినచో ఆవర్తన కాలము 18 శాతము పెరుగును. ఊగుడును అణచు నూనెగొట్టము మాత్రము సోమయ్యకు సరిపడునట్లు చేసినది. భీమయ్యకు అది బలహీనము. అందుచేత గుంతలో పడి లేచిన తరువాత బండి ఒకసారి ఊగి ఊరకుండక రెండు మూడుసార్లు ఊగును. వంపులో అట్లూగినచో టైరుకు నేలపై పట్టు తగ్గును. నడుము నొప్పికన్న ఇది పెద్ద ప్రమాదము.

దీనికి మెకానిక్కు చెప్పు ఉపాయము, స్ప్రింగు క్రింది మెట్ల వలయమును త్రిప్పి ‘టైటు’ చేయుట. చాల చిన్న బండ్లలో ఇట్టివి ఐదు మెట్లుండును. దీనివలన స్ప్రింగు గట్టిపడునని లోకము నమ్మకము. అది తప్పు. స్ప్రింగు గట్టిదనము తీగ మందము, చుట్ల వెడల్పు, చుట్ల సంఖ్య, లోహము, వీటిని బట్టి యుండును. వలయమును త్రిప్పినంతమాత్రమున వీటిలో ఏదియు మారదు. స్ప్రింగును ముందే 10 మిల్లీమీటర్లు నొక్కి యుంచినచో, మనిషి కూర్చున్నపుడు కుంగుట 10 మిల్లీమీటర్లు తగ్గును. పోయిన దూరము కొంత తిరిగి వచ్చును. అది మేలే, కావున భీమయ్య మొదట చేయవలసిన పని అదియే. దానితో చాలనిచో మందమైన తీగ గల స్ప్రింగు వేయింపవలెను. గట్టిదనము తీగ వ్యాసము యొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. 7 మిల్లీమీటర్ల తీగకు బదులు 7.5 మిల్లీమీటర్ల తీగ వాడినచో గట్టిదనము 32 శాతము హెచ్చును! అర మిల్లీమీటరు చేయు పని ఇది. అయితే దానికి తగినట్లు నూనెగొట్టమును మార్చనిచో ఊగుడు ఆగదు.

ఈ కుంగుటను పాఠశాల ఆవరణలోనే కొలువవచ్చును. బండిని నడిమి స్టాండుపై నిలిపి, వెనుక చక్రము గాలిలో వ్రేలాడునపుడు ఇరుసునుండి సీటు అంచువరకు టేపుతో కొలువవలెను. తరువాత స్టాండు తీసి, ఇరువైపుల ఇద్దరు పట్టుకొనగా, నడుపువాడు పాదములు పైకెత్తి కూర్చున్నపుడు మరల కొలువవలెను. రెండు కొలతల భేదము చక్రము కదలగల మొత్తము దూరములో మూడవ వంతు ప్రాంతమున ఉన్నచో స్ప్రింగు సరిపోయినట్లు. సగము దాటినచో ఆ స్ప్రింగు ఆ మనిషిది కాదు.

బ్రేకుల విషయములో సిద్ధాంతము ఊరట కలిగించుచున్నట్లు కనబడును. టైరు ఘర్షణబలము భారమునకు అనుపాతములో నుండును కనుక బండి ఆగు దూరపు సమీకరణములో ద్రవ్యరాశి రద్దగును. ఘర్షణ గుణకము 0.7 అయినచో గంటకు 60 కిలోమీటర్ల వేగమునుండి ఇద్దరును 20 మీటర్లలో ఆగవచ్చును. కాని అంతటి బలమును బ్రేకు పుట్టించగలిగినపుడు గదా! సోమయ్య బండి గతిజశక్తి 24 కిలోజౌళ్లు, భీమయ్యది 31. అదంతయు బ్రేకులోనే వేడిగా మారవలెను. అరకునుండి దిగునపుడు ఇదే పని గంటసేపు సాగును. మూసియున్న డ్రమ్ము బ్రేకు వేడెక్కి పట్టు సడలును. గాలికి తెరచియుండు డిస్కు బ్రేకు త్వరగా చల్లారును. కాబట్టి భారీమనిషికి ముందుచక్రమునకు డిస్కు బ్రేకు ఉన్న బండియే తగినది. దిగునపుడు ఎక్కిన గేరులోనే దిగుటయు మంచిది.

ఇక కుటుంబములు తరచుగా మరచు లెక్క ఒకటి కలదు. బండితో వచ్చు చిన్న పుస్తకములో అది మోయదగిన భారమును అచ్చువేయుదురు. అనేక చిన్న మోటారు సైకిళ్లకు అది 130 కిలోగ్రాముల ప్రాంతమున నుండును. సోమయ్య దంపతులు దానిలో ఇముడుదురు. భీమయ్య ఒక్కడే 110. భార్య వెనుక కూర్చున్నచో 170. ఇద్దరి నడుమ పిల్లవానిని, హేండిలుకు బియ్యపుసంచిని తగిలించు దృశ్యము మన రోడ్లపై క్రొత్త కాదు. ‘ఇన్నాళ్లు ఏమియు కాలేదు గదా’ అను వాదమునకు చువ్వలు తెగిన చక్రములు, పగిలిన రిమ్ములు సమాధానము చెప్పుచునే యున్నవి. టైరుపైన కూడ ఒక సంఖ్య ఉండును. కొలతల ప్రక్కన 47 అని యున్నచో 175 కిలోగ్రాములు, 54 అని యున్నచో 212 కిలోగ్రాములు ఆ టైరు మోయగల గరిష్ఠ భారము. అదియు తగినంత గాలి ఉన్నపుడే. భీమయ్య ఒంటరిగా పోవునపుడు కూడ వెనుక టైరులో ఇద్దరు మనుష్యులకు చెప్పిన గాలినే నింపుట యుక్తము.

మిగిలినది మోకాలు. పొడుగువారు సీటు ఎత్తును అడుగుదురు గాని అడుగవలసినది సీటునకును పాదము మోపు కడ్డీకిని నడుమనున్న దూరము. తొడ, పిక్క రెండును సమానమనుకొన్నచో అవి ఒక సమద్విబాహు త్రిభుజమగును. తుంటికీలునుండి పాదము వరకు గల దూరము దాని మూడవ భుజము. ఆ దూరము 58 సెంటీమీటర్లైనచో, 42 సెంటీమీటర్ల భుజములు గల సోమయ్య మోకాలు 87 డిగ్రీల కోణమున, 50 సెంటీమీటర్ల భుజములు గల భీమయ్య మోకాలు 71 డిగ్రీల కోణమున ముడుచుకొనును. ఆ భంగిమలో అరగంట గడచునప్పటికి కాలు తిమ్మిరెక్కును. దానిని 80 డిగ్రీలకు తెచ్చుటకు దూరము 6 సెంటీమీటర్లు పెరిగిన చాలును. సీటులో మందమైన స్పాంజి వేయించి మూడు నాలుగు సెంటీమీటర్లు సంపాదింపవచ్చును. కడ్డీలను క్రిందికి దింపుట మాత్రము మంచిది కాదు. వంపులో బండి వాలినపుడు అవి నేలను గీయును. సీటు ఎత్తు 82 సెంటీమీటర్లు దాటిన హీరో ఎక్స్‌పల్స్ 200 వంటి బండ్లు పొట్టివారిని భయపెట్టును గాని భీమయ్యకు సుఖమిచ్చును.

అంగడిలో భీమయ్య చేయవలసిన పరీక్ష వేరు. పాదములను కడ్డీలపై నుంచి, హేండిలును కుడికిని ఎడమకును చివరంట త్రిప్పి, మోకాలు తగులుచున్నదేమో చూడవలెను. మడమ లేపకయే వెనుక బ్రేకు పెడలును నొక్కవలెను. బూటుతో గేరు మీటను లేపిచూడవలెను. పెద్ద పాదము దాని క్రింద పట్టకపోవుట కలదు. ఆ పిమ్మట గుంతలున్న రోడ్డుపై, వీలైనచో వెనుక ఒక మనిషిని కూర్చుండబెట్టుకొని, నడిపి చూడవలెను. ఆ రెండవ మనిషితో కలిసి మొత్తము పుస్తకములోని సంఖ్యను దాటునో లేదో ముందుగనే కూడుకొనుటకు కాటా ఒకటి చాలును.